ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్, 2022

ఇండియన్ సూపర్ లీగ్ ఎనిమిదో సీజన్ ఫైనల్ 2022 మార్చి 20, ఆదివారం రాత్రి గోవాలోని మడ్‌గావ్‌లో, ఫతోర్డా స్టేడియంలో జరిగింది. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ 1–1తో సమంగా నిలిచాయి. పెనాల్టీ షూటౌట్‌లో హైదరాబాద్ 3–1తో గెలిచింది. హైదరాబాద్‌కు అది తొలి ఫైనల్. కేరళ 2014లోనూ 2016లోనూ ఫైనల్ దాకా వచ్చి, రెండుసార్లూ కోల్‌కతా జట్టు చేతిలో ఓడింది. ఆ రాత్రి ఎవరు గెలిచినా ఛాంపియన్ల జాబితాలో కొత్త పేరే చేరేది.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవాడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ తరం ఆటగాడే. 1963లో రహీం చనిపోయాక నగరం ఆ స్థాయిని నిలబెట్టుకోలేకపోయింది.

ఆ వైభవం కూడా జంటనగరాలకే పరిమితం. కంటోన్మెంట్ మైదానాల్లో, పోలీసు జట్టులో పెరిగిన ఆట జిల్లాల్లోకి గట్టిగా దిగలేదు. విజయవాడ రహదారి మీది సూర్యాపేట, కోదాడల్లో గానీ, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో రైస్ మిల్లుల ఊరైన మిర్యాలగూడలో గానీ కుర్రాళ్లు ఎక్కువగా ఆడేది కబడ్డీ, వాలీబాల్, క్రికెట్. 2021 మార్చిలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు సూర్యాపేటలో జరిగాయి. ప్రారంభం రోజున జనంతో నిండిన గ్యాలరీ కూలి చాలామంది గాయపడ్డారు. ఆటంటే ఇక్కడి జనానికి ఎంత ఇష్టమో అంతకన్నా వేరే రుజువు అక్కర్లేదు. ఆ ఇష్టానికి ఫుట్‌బాల్ చేరువ కాలేకపోవడమే తెలంగాణ ఫుట్‌బాల్ చరిత్రలో పెద్ద లోటు.

పుణె సిటీ క్లబ్ మూతపడ్డాక, ఆ స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం అప్పట్లో దాని సొంత మైదానం. తొలి సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. 2020లో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. ఆయన పేరున్న విదేశీ ఆటగాళ్ల మీదే ఆధారపడకుండా ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి కుర్రాళ్లను ధైర్యంగా బరిలోకి దించాడు. రెండో సీజన్‌కే జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది. నా లెక్కన కప్పుకు పునాది పడింది ఆ సీజన్‌లోనే.

కరోనా వల్ల 2021–22 సీజన్ మొత్తాన్నీ గోవాలోనే, బయో బబుల్‌లో, ఖాళీ గ్యాలరీల ముందు నడిపారు. మొత్తం 11 జట్లు, ఒక్కో జట్టుకు 20 మ్యాచ్‌లు. జంషెడ్‌పూర్ మొదటి స్థానంలో నిలిచి లీగ్ షీల్డ్ గెలిచింది. హైదరాబాద్ 38 పాయింట్లతో రెండో స్థానంలో, కేరళ 34 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచాయి. నైజీరియా ఆటగాడు బార్తలోమ్యూ ఓగ్బెచే హైదరాబాద్ తరఫున 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. రెండేళ్ల ముందు అతను ఆడింది కేరళకే. సెమీఫైనల్లో హైదరాబాద్ రెండు మ్యాచ్‌లు కలిపి 3–2తో ఏటీకే మోహన్ బగాన్‌ను, కేరళ 2–1తో జంషెడ్‌పూర్‌ను దాటాయి.

ఫైనల్‌కు మాత్రం ప్రేక్షకులను రానిచ్చారు. కేరళ నుంచి అభిమానులు వేలల్లో కదిలారు. బైక్ మీద బయల్దేరిన ఇద్దరు యువకులు కాసరగోడ్ జిల్లాలో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. రెండు జట్ల రంగూ పసుపే. హోమ్ టీమ్ హోదా హైదరాబాద్‌కు దక్కడంతో ఆటగాళ్లలో పసుపు చొక్కాలు వాళ్లవి, గ్యాలరీల నిండా పసుపు మాత్రం కేరళది. గెలిచిన జట్టు తన ఊరికి దూరంగా, ఎదుటి జట్టు అభిమానుల హోరు మధ్య ఆడింది.

మొదటి సగంలో కేరళదే పైచేయి. అల్వారో వాజ్‌క్వెజ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలింది. 68వ నిమిషంలో రాహుల్ కేపీ దూరం నుంచి కొట్టిన షాట్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చేతికి తగిలి కూడా లోపలికి వెళ్లింది. ఇక కప్పు కేరళదే అనుకుంటున్న వేళ, 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్ సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయటి నుంచి నేరుగా వాలీ కొట్టి స్కోరు సమం చేశాడు. ఆ ఫైనల్లో అంత అందమైన షాట్ మరొకటి లేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో గోల్ రాలేదు.

షూటౌట్ కట్టిమణిది. గోల్ వదిలిన చేతులే కప్పు తెచ్చాయి. కేరళ ఆటగాడు లెస్కోవిచ్ కిక్‌ను ఆపాడు. నిషు కుమార్ కిక్‌ను ఆపితే, గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు, దాన్నీ ఆపాడు. తర్వాత జీక్సన్ సింగ్ వంతు, అదీ అంతే. హైదరాబాద్ తరఫున సివేరియో ఒక్కడే గురి తప్పాడు. చివరి కిక్‌ను హాలీచరణ్ నర్జరీ గోల్‌గా మలచడంతో కప్పు ఖాయమైంది. కట్టిమణి, తవోరా ఇద్దరూ గోవా వాళ్లే. హైదరాబాద్ తుది పదకొండు మందిలో తెలుగువాడు ఒక్కడూ లేడు. విజయం విలువ దీనివల్ల తగ్గదు గానీ, జిల్లాల్లో అకాడమీలు లేకపోతే రేపు కూడా ఇంతే.

మరుసటి సీజన్‌లోనూ హైదరాబాద్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. తర్వాత జీతాల బకాయిలు, ఫిఫా బదిలీ నిషేధం చుట్టుకున్నాయి. ఆటగాళ్లు వరసగా వెళ్లిపోయారు. 2023–24లో ఒకే ఒక్క విజయంతో జట్టు ఆఖరి స్థానానికి పడిపోయింది. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. కేరళ ఆ ఫైనల్ తర్వాతి మూడు సీజన్లలోనూ తుదిపోరుకు చేరలేదు. హైదరాబాద్‌లో ఆడే మరో క్లబ్ శ్రీనిధి డెక్కన్ 2022–23, 2023–24 ఐ–లీగ్‌లలో వరసగా రన్నరప్‌గా నిలిచింది.