పట్టికలో 1994, చరిత్రలో 1994

సినిమాలకు మార్కులు వేయడం యీనాటి అలవాటు. ఐఎండీబీ అనే అంతర్జాల సంస్థ ప్రపంచమంతటి ప్రేక్షకుల చేత పదికి యిన్ని మార్కులని ఓట్లు వేయించి, సర్వకాల ఉత్తమ చిత్రాల పట్టిక ఒకటి నడుపుతూ వుంది. 1990లో కొందరు సినిమా ప్రియులు లాభాపేక్ష లేకుండా మొదలుపెట్టిన యీ పని 1998లో అమెజాన్ కంపెనీ చేతికి పోయింది. ఆ పట్టికలో 1994 సంవత్సరానికి ఒక ప్రత్యేకత వుంది. 2008 నుంచి మొదటి స్థానంలో నిలిచిన "ది షాషాంక్ రిడెంప్షన్" ఆ యేటి చిత్రమే. "పల్ప్ ఫిక్షన్", "ఫారెస్ట్ గంప్" పైవరుసలోనే వున్నాయి. "ది లయన్ కింగ్" కూడ యెంతో దూరంలో లేదు. నా విద్యార్థులు యీ పట్టికను తిరుగులేని తీర్పుగా భావిస్తారు. "లక్షలమంది ఓటు వేసి తేల్చిన తరువాత విమర్శకుడు చెప్పవలసింది యేమి మిగిలింది?" అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పవలసిన బాధ్యత మన మీద వుంది.

దీనికి రెండు సులువైన జవాబులు వున్నాయి. జనానికి అభిరుచి లేదని కొట్టిపారేయడం ఒకటి. యిది పండితుల అహంకారం. జనం మెచ్చిందే గొప్పదని తల వూపడం రెండవది. యిది వ్యాపారి వాదం. రెండూ జనాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం నుంచి తప్పించుకునే మార్గాలే. ఒక చిత్రాన్ని లక్షలమంది ప్రేమించారంటే వారి జీవితంలోని యే వెలితిని అది తాకిందో, తాకి యెటు నడిపించిందో పరిశీలించాలి. అందుకు ఆ చిత్రం పక్కన ఆ సంవత్సరపు చరిత్రను పెట్టి చూడడం కంటె మంచి పద్ధతి నాకు తెలియదు.

మొదటి స్థానం నుంచే ప్రారంభిద్దాం. స్టీఫెన్ కింగ్ 1982లో ప్రచురించిన కథను ఆధారం చేసుకొని ఫ్రాంక్ డారబాంట్ తీసిన "షాషాంక్" ఒక జైలు కథ. ఆండీ అనే బ్యాంకు ఉద్యోగి భార్యను హత్య చేశాడన్న తప్పుడు నేరం మీద 1947లో జైలుకు వస్తాడు. రెడ్ అనే ఖైదీ అతనికి స్నేహితుడై కథంతా మనకు చెబుతాడు. ఆండీ జైలు గ్రంథాలయానికి డబ్బు కోసం రాష్ట్ర శాసనసభకు వారం వారం వుత్తరాలు రాస్తాడు. ఆరేళ్ళు రాసిన తరువాత 200 డాలర్లూ, కొన్ని పాత పుస్తకాలూ వస్తాయి. అప్పటి నుంచి వారానికి రెండు వుత్తరాలు రాస్తాడు. తోటి ఖైదీలకు చదువు చెప్పి పరీక్షలకు కూర్చోబెడతాడు. ప్రేక్షకుల గుండెను పట్టుకునేవి యీ ఘట్టాలే.

యీ చిత్రం అమెరికాలో 1994 సెప్టెంబరు 23న విడుదలైంది. సరిగ్గా పది రోజుల ముందు, సెప్టెంబరు 13న, అధ్యక్షుడు క్లింటన్ నేరనిరోధక చట్టం మీద సంతకం చేశాడు. ఆ చట్టం కింద లక్షమంది కొత్త పోలీసులు, జైళ్ళ కోసం సుమారు 970 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. మూడవసారి హింసాత్మక నేరం చేసినవారికి యావజ్జీవం ఖాయం చేశారు. ఆ సంవత్సరమే అమెరికా రాష్ట్ర, కేంద్ర జైళ్ళలోని ఖైదీల సంఖ్య మొట్టమొదటిసారిగా పది లక్షలు దాటింది. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి వుంది. పేద విద్యార్థులకు కళాశాల చదువుకు యిచ్చే పెల్ గ్రాంటును ఆ చట్టమే ఖైదీలకు నిషేధించింది. ఖైదీలకు పోతూ వున్నది ఆ గ్రాంటుల మొత్తంలో నూటికి ఒక వంతు కూడ లేదు. ఆ స్వల్పమైన సొమ్ము ఆగిపోగానే జైళ్ళలోని కళాశాల తరగతులలో అధిక భాగం మూతపడ్డాయి. నిషేధాన్ని ఎత్తివేసే చట్టం 2020 డిసెంబరులో వచ్చింది; అది అమలులోకి వచ్చింది 2023 జులైలో. ఆండీ ఆరేళ్ళు వుత్తరాలు రాశాడు. నిజమైన ఖైదీలు దాదాపు ముప్పయ్యేళ్ళు ఎదురుచూశారు.

యిందులో దర్శకుని దోషం యేమీ లేదు. చిత్రీకరణ 1993 వేసవిలోనే ముగిసింది. కాని వెండితెర మీద జైలు గ్రంథాలయాన్ని చూసి కన్నీరు పెట్టిన సమాజమే జైలు తరగతిని మూసివేసే చట్టాన్ని మౌనంగా అంగీకరించింది. యీ రెండూ ఒకే గుండెలో యెలా యిమిడాయి? సమాధానం చిత్ర నిర్మాణంలోనే దొరుకుతుంది. ఆండీ నిర్దోషి, చదువుకున్నవాడు, తెల్లవాడు, ఆదాయపు పన్ను లెక్కలు తెలిసినవాడు. అతను అక్కడ వుండవలసినవాడు కాడు గనుక మనం అతని పక్షం. నిజంగానే నేరం చేసిన పేదవాడి పక్షం వహించమని చిత్రం మనల్ని గట్టిగా అడగదు. రెడ్ పాత్రను మోర్గాన్ ఫ్రీమన్ అనే గొప్ప నల్లజాతి నటుడు ధరించాడు. అయినా 1947 నుంచి 1966 వరకు నడిచే యీ కథలో జాతి వివక్ష అనే మాటే వినపడదు. పౌరహక్కుల ఉద్యమం అమెరికాను కుదిపివేసిన కాలం అది!

మరొక విషయం. యీ చిత్రం ఓహియో రాష్ట్రంలోని మాన్స్‌ఫీల్డు పాత జైలులో తీశారు. ఆ జైలు 1990 చివరి రోజున మూతపడింది. కిక్కిరిసిన గదులనూ, అమానుష పరిస్థితులనూ భరించలేక ఖైదీలు కలిసి వేసిన దావా ఫలితంగా న్యాయస్థానం దానిని మూయించింది. తెరమీది ఖైదీ ఒంటరిగా, రాత్రిపూట, చిన్న సుత్తితో గోడకు కన్నం వేసి తప్పించుకుంటాడు. అదే గోడల మధ్య బతికిన నిజమైన ఖైదీలు నలుగురూ కూడి ఆ జైలునే లేకుండా చేశారు. యేది పెద్ద కథ? నిజామాబాదు జైలు గోడల మీద దాశరథి బొగ్గుతో పద్యాలు రాసిన సంగతీ, వట్టికోట ఆళ్వారుస్వామి "జైలు లోపల" కథలూ యెరిగిన తెలుగు పాఠకునికి యీ ప్రశ్న కొత్తది కాదు.

అయినా యీ చిత్రాన్ని పలాయనవాదమని తోసివేయడానికి నేను సిద్ధంగా లేను. జైలు అధికారి ఖైదీల చేత చవకగా పని చేయించి, కంట్రాక్టర్ల దగ్గర లంచాలు తినే పద్ధతిని అది సూటిగా చూపింది. యాభై యేళ్ళు జైలులో గడిపి బయటికి వచ్చిన ముసలి బ్రూక్స్ వురి వేసుకున్న ఘట్టంలో, జైలు మనిషి లోపలికి యెలా పాకుతుందో చూపింది. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో, అప్పుల్లో యిరుక్కున్న కోట్లాది జనం తమ జీవితాన్ని అందులో చూసుకున్నారు. విముక్తి కావాలన్న కోరిక నిజమైనది. దానికి చిత్రం చూపిన దారి మాత్రం ఒక మనిషి పట్టేటంత వెడల్పే.

"ఫారెస్ట్ గంప్" సంగతి వేరు. 1994 జులైలో విడుదలైన యీ చిత్రం ప్రపంచమంతటా సుమారు 67 కోట్ల డాలర్లు సంపాదించి, మరుసటి యేడు ఉత్తమ చిత్రంతో సహా ఆరు ఆస్కార్లు గెలుచుకుంది. "షాషాంక్" యేడింటికి ప్రతిపాదింపబడి ఒక్కటీ పొందలేదు. అలబామా రాష్ట్రపు మందబుద్ధి అయిన ఒక మంచివాడు అమెరికా చరిత్రలోని ముప్పయ్యేళ్ళ గుండా యేమీ అర్థం చేసుకోకుండా పరుగెత్తుతాడు. అర్థం చేసుకోకపోవడమే అతనికి రక్ష. అర్థం చేసుకోవాలని ప్రయత్నించిన జెన్నీకి దక్కింది వైరస్ రోగమూ, చావూను. యుద్ధ వ్యతిరేక విద్యార్థి నాయకుడు ఆమెను కొడతాడు. అంటే ప్రతిఘటించిన ఒక తరమంతా చెడిపోయినవారి గుంపుగా కనిపిస్తుంది.

ఒక ఘట్టం విశేషించి గమనించదగింది. వాషింగ్టన్‌లో యుద్ధ వ్యతిరేక సభలో వియత్నాం గురించి మాట్లాడమని ఫారెస్టును వేదిక యెక్కిస్తారు. అతను మాట్లాడతాడు. కాని ఒక సైనికాధికారి మైకు తీగలు పీకివేసినందువల్ల మనకు ఒక్క మాటా వినపడదు. హాస్యంగా తీశారు గాని, నా దృష్టిలో చిత్రం చేసిన పని యావత్తూ యిదే: చరిత్ర కనిపిస్తుంది, మాట వినపడదు. వియత్నాం యుద్ధ ఘట్టాలలో వియత్నాం ప్రజల ముఖం కూడ సరిగా కనపడదు. ఆ 1994 ఫిబ్రవరిలోనే అమెరికా వియత్నాం మీది వాణిజ్య నిషేధాన్ని ఎత్తివేసింది. వ్యాపారానికి తలుపు తెరిచారు. జ్ఞాపకానికి తలుపు మూశారు. నవంబరు ఎన్నికలలో రిపబ్లికన్లు నలభై యేళ్ళ తరువాత మొదటిసారిగా ప్రతినిధుల సభను గెలుచుకున్నారు. సంప్రదాయవాదులు యీ చిత్రాన్ని తమదిగా చెప్పుకున్నారంటే ఆశ్చర్యం లేదు. మూలనవల రాసిన విన్స్టన్ గ్రూమ్‌కు నికర లాభంలో వాటా యిస్తామని ఒప్పందం వుంది. యింత సంపాదించిన చిత్రానికీ స్టూడియో లెక్కల్లో నికర లాభం లేదని తేలింది! రచయితలు గుర్తుంచుకోవలసిన పాఠం.

"లయన్ కింగ్" ఆ యేడు ప్రపంచంలో అందరికంటె యెక్కువ సంపాదించిన చిత్రం. ఆఫ్రికా మైదానంలో మనుషులు లేరు. రాజూ, రాజకుమారుడూ, బయటి నుంచి వచ్చి రాజ్యాన్ని పాడుచేసే హైనాలూ వున్నారు. వారసుడు తిరిగి గద్దె యెక్కగానే వాన కురుస్తుంది. యిది జూన్‌లో విడుదలైంది. దానికి ముందు యేప్రిల్ 27న దక్షిణాఫ్రికాలో నల్లవారు మొదటిసారి ఓటు వేసి పుట్టుకతో వచ్చే పాలకత్వాన్ని పూడ్చిపెట్టారు. అదే యేప్రిల్ 7న రువాండాలో నరమేధం మొదలైంది. చిత్రం విడుదలయ్యేనాటికి యింకా సాగుతూనే వుంది. ప్రపంచం ఆఫ్రికా వైపు చూడవలసిన సంవత్సరంలో ప్రపంచం చూసిన ఆఫ్రికా యిది. చిత్రంలో జంతువులు సరదాగా పాడే సింహం పాటకు మూలం, సాలమన్ లిండా అనే జులూ గాయకుడు 1939లో జొహానెస్‌బర్గులో పాడిన "ఎంబూబె". అతను 1962లో పేదరికంలో మరణించాడు. అతని కుమార్తెల పక్షాన 2004లో దావా వేస్తే 2006లో రాజీ కుదిరింది.

"పల్ప్ ఫిక్షన్" సుమారు 80 లక్షల డాలర్లతో తీసి 20 కోట్లకు పైగా గడించిన చిత్రం. మే నెలలో కాన్ వుత్సవంలో పామ్ దోర్ బహుమతి పొందింది. దాని కథన నైపుణ్యాన్ని కాదనలేం. కాలాన్ని ముక్కలు చేసి తిరిగి అతికిన తీరు యువకులను వూపివేసింది. స్వతంత్ర చిత్రమని దీనికి పేరు. కాని దీనిని విడుదల చేసిన మిరామాక్స్‌ను 1993లోనే "లయన్ కింగ్" తీసిన డిస్నీ కొనివేసింది. చిత్రంలో కారు వెనుక సీటులో కూర్చున్న ఒక నల్ల యువకుడు తుపాకి పొరపాటున పేలి చనిపోతాడు. ఆ తరువాత చిత్రానికి పట్టిన బెంగ కారు సీట్లు యెలా కడగాలన్నదే. ప్రేక్షకులు నవ్వుతారు. చావుకు కారణమూ, ఫలితమూ తీసివేస్తే మిగిలేది నవ్వే.

యీ నాలుగింటి పక్కన అదే యేటి మరొక చిత్రాన్ని పెట్టి చూడండి. స్టీవ్ జేమ్స్ బృందం షికాగోలో యిద్దరు నల్లజాతి కుర్రవాళ్ళ వెంట అయిదేళ్ళు తిరిగి "హూప్ డ్రీమ్స్" అనే డాక్యుమెంటరీ తీసింది. బాస్కెట్‌బాల్ ఆట వల్ల పేదరికం నుంచి బయటపడగలమన్నది ఆ పిల్లల కల. ఒకడి కుటుంబం బడి ఫీజు కట్టలేకపోతుంది. బడి వాణ్ని వదిలేస్తుంది. యింట్లో కరెంటు తీసివేస్తారు. వాడి తల్లి నర్సు సహాయకురాలి పరీక్షలో మొదటిగా నిలిచి కన్నీరు పెట్టుకునే ఘట్టం వుంది. ఆ యేటి కల్పిత చిత్రాలు వేటిలోనూ నాకు అంత విజయం కనపడలేదు. విమర్శకులు దీనిని ఆకాశానికెత్తారు. ఆస్కారువారు ఉత్తమ డాక్యుమెంటరీ ప్రతిపాదనలలో కూడ చేర్చలేదు. పట్టికలో "షాషాంక్"కు ఓటు వేసినవారు పాతిక లక్షలకు పైబడ్డారు, దీనికి వేలల్లోనే.

ఓటు అనేది చూసినవాడు వేసేది. యేది చూస్తాడన్నది అతని చేతిలో లేదు. "షాషాంక్" హాళ్ళలో మొదట 1 కోటీ 60 లక్షల డాలర్లే తెచ్చింది; ఖర్చు రెండున్నర కోట్లు. 1995లో వీడియో క్యాసెట్లు, 1997 నుంచి టెడ్ టర్నర్ టెలివిజన్‌లో పదే పదే ప్రసారం దానిని నిలబెట్టాయి. అది తీసిన సంస్థ అప్పటికే టర్నర్ ఆస్తి. ట్యునీసియాలో మూఫిదా త్లాత్లి రాజభవనపు దాసీల మౌనాన్ని చిత్రించిన "ప్రాసాద మౌనాలు"కు అటువంటి యజమాని లేడు. అడ్డు మార్కెట్టు ఒక్కటే కాదని కూడ చెప్పుకోవాలి. ఝాంగ్ యిమౌ తీసిన "జీవించడం" కాన్‌లో ఘనమైన బహుమతి తెచ్చుకొని స్వదేశమైన చైనాలో నిషేధింపబడింది. సోషలిజం పేరున ఒక కుటుంబపు దుఃఖాన్ని దాచిపెట్టడం సోషలిజానికి సేవ కాదు. మనం యీ మాట అనకపోతే హాలీవుడ్‌ను విమర్శించే అర్హత మనకు వుండదు.

కాబట్టి పట్టికను చింపివేయమని నేను విద్యార్థులకు చెప్పను. దానిని చరిత్ర పత్రంగా చదవమంటాను. "షాషాంక్" చూపించిన రోజున 1994 నేరచట్టం గురించి ఒక గంట చర్చ పెట్టండి. "లయన్ కింగ్" పాట విన్న పిల్లలకు సాలమన్ లిండా పేరు చెప్పండి. కళాశాల ఫిలిం సంఘాలు "హూప్ డ్రీమ్స్"కు ఒక సాయంత్రం కేటాయించండి. చూసిన తరువాత వారు పదికి యెన్ని మార్కులు వేసినా మనకు పేచీ లేదు.