పోరంబోకు గాలి

సాఫ్టువేరు ఉద్యోగం చేసేవాడికి చుట్టాలూ స్నేహితులూ అందరూ హార్డువేరు రోగులే. డేటాబేసు ఎలా కట్టాలని ఒక్కరూ అడగరు. ప్రింటరు పలకటం లేదనీ, మౌసు మధ్యమధ్యలో మొరాయిస్తోందనీ, హెడ్‌సెట్టు "కనెక్టెడ్" అని గర్వంగా చెప్పి అరనిమిషంలో "డిస్కనెక్టెడ్" అంటోందనీ అడుగుతారు. లేఖినిలో తెలుగు టైపు చేసే ఒకాయన బాధ ఇంకోరకం. వైర్లెస్ కీబోర్డు ఒక్క హెచ్ మింగేస్తే చాలు, "భారం" కాస్తా "బారం" అయిపోతుంది. వెస్ట్‌మీడ్ లో మనవాళ్ళు ఎక్కువ కాబట్టి నాకు పేషెంట్లకి కొదవ లేదు. ఇక్కడ అంత పెద్ద ఆస్పత్రి ఉన్నా ఈ రోగుల్ని చేర్చుకోరు మరి.

నేను ఈ మధ్య మందు చెప్పేముందు కాస్త చరిత్ర చెప్పడం మొదలుపెట్టాను. ఎందుకంటే ఈ తెగిపోవడాల్లో చాలావాటికి కారణం ఆ వస్తువులో ఉండదు, దాని మాటలు నడిచే దారిలో ఉంటుంది. ఆ దారి ఎవరిది, మనకెలా దక్కింది అన్నది తెలిస్తే మందుచీటీ ఎవరికి వాళ్ళే రాసుకోవచ్చు.

మన ఊళ్ళలో పోరంబోకు భూమి ఉంటుంది కదా. తెలంగాణ వైపు బంచరాయి అంటారు. ఎవరి పట్టా లేదు, శిస్తు లేదు. పశువులు మేస్తాయి, పిల్లలు క్రికెట్ ఆడతారు, పెళ్ళిళ్ళ సీజన్లో షామియానా లేస్తుంది. ఎవరైనా వాడుకోవచ్చు, కానీ "నా చోట్లోకి వచ్చావేం" అని ఎవరూ ఎవరినీ అడగడానికి లేదు. రేడియో తరంగాల్లో అలాంటి పోరంబోకు ఒకటుంది. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా, సుమారు 83 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చిన్న చెక్క. మీ వైఫై, బ్లూటూత్, వైర్లెస్ మౌసు వెనకాల గుచ్చే చిన్న డాంగిల్, పిల్లల డ్రోను, పక్కింటివాళ్ళ మైక్రోవేవ్ పొయ్యి, అన్నీ అక్కడే కాపరం.

ఈ చెక్క పోరంబోకుగా ఎలా మిగిలింది? రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ల కోసం తయారైన మాగ్నెట్రాన్ గొట్టంతో అన్నం కూడా వేడి చేయొచ్చని అమెరికాలో రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ 1945లో కనిపెట్టాడు. అది మాట్లాడే యంత్రం కాదు, ఊరికే రొద చేసే యంత్రం. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ రేడియో సదస్సులో ఇలాంటి పరిశ్రమల, వైద్య పరికరాల రొద కోసం కొన్ని చోట్లు విడిగా కేటాయించారు. వాటిలో 2450 మెగాహెర్ట్జ్ ఒకటి. నీళ్ళ అణువు సరిగ్గా ఆ తరంగానికే ఊగుతుంది కాబట్టి అది ఎంచుకున్నారని చాలామంది చెప్తారు, అది నిజం కాదు. 915 మెగాహెర్ట్జ్ మీద నడిచే ఫ్యాక్టరీ పొయ్యిలూ ఉన్నాయి, అవీ నీళ్ళని శుభ్రంగా మరిగిస్తాయి. మొత్తానికి ఊరి చివర పెంటకుప్పలకి వదిలినట్టు వదిలిన స్థలం అది.

ఆ స్థలంలో మాటలు నడపొచ్చని ముందు గట్టిగా వాదించినవాడు అమెరికా ఎఫ్‌సీసీలో మైకేల్ మార్కస్ అనే ఇంజనీరు. ఫలితంగా 1985 మే నెలలో ఎఫ్‌సీసీ ఇలాంటి మూడు చెక్కల్ని లైసెన్సు లేకుండా రేడియోలకి తెరిచింది. షరతులు ముఖ్యం. ఒకటి, నీ సిగ్నలు ఒక్కచోట గుచ్చకుండా విశాలంగా పరిచి, తక్కువ శక్తితో వాడాలి. రెండు, లైసెన్సు ఉన్నవాళ్ళకి నువ్వు అడ్డం పడకూడదు. మూడు, నీకు ఎవరైనా అడ్డం పడితే నోరు మూసుకుని భరించాలి. అమెరికాలో అమ్మే పరికరాల అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఈ చివరి రెండు షరతులూ ఇప్పటికీ అచ్చువేసి ఉంటాయి. ఆస్ట్రేలియాలో క్లాస్ లైసెన్సు అన్న పేరుతో అదే పద్ధతి. అంటే మీ మౌసు తెగిపోవడం చట్టం ముందే ఊహించింది. దాన్ని భరిస్తానని మీ తరఫున మీ మౌసు ఒప్పుకునే వచ్చింది.

ఇక జనం దిగడం మొదలైంది. ముందు వైఫై. 802.11 అనే ప్రమాణం మొదటిసారి 1997లో వచ్చింది, 1999లో కాస్త వేగం పుంజుకుంది. సిడ్నీవాళ్ళు వైఫై మేమే కనిపెట్టాం అంటారు. అందులో సగం నిజం ఉంది. నేనుండే చోటు నుంచి పదిహేను కిలోమీటర్లు కూడా లేని మార్స్‌ఫీల్డ్ లో సీఎస్ఐఆర్ఓ రేడియోఫిజిక్స్ ప్రయోగశాల ఉంది. అక్కడ జాన్ ఓసల్లివాన్ బృందం ఐదుగురు, గదిలో గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే ప్రతిధ్వనుల మధ్య వేగంగా సమాచారం పంపే పద్ధతికి 1992లో పేటెంటు కోసం దరఖాస్తు పెట్టారు. అమెరికా పేటెంటు 1996లో వచ్చింది. ఓసల్లివాన్ అసలు వృత్తి రేడియో ఖగోళశాస్త్రం. పేలిపోయే కృష్ణబిలాల జాడ కోసం 1970లలో వెతికి అవి దొరక్క, ఆ మసకబారిన సిగ్నళ్ళని చక్కదిద్దే గణితం మాత్రం చేతిలో మిగిలిన మనిషి. తర్వాత కోర్టుల్లో కొట్లాడి, రాజీలు చేసుకుని, సీఎస్ఐఆర్ఓ ఈ పేటెంటు మీద 2012 నాటికి మొత్తం 43 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల పైన రాబట్టింది. వైఫై ప్రమాణం రాయడంలో డచ్చివాళ్ళ వాటా, అమెరికన్ల వాటా కూడా పెద్దవే కాబట్టి సగం నిజం అన్నాను.

వైఫై మర్యాద ఏమిటంటే, నోరు తెరిచేముందు చెవి పెట్టి వింటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. బ్లూటూత్ మర్యాద వేరు. ఎరిక్సన్ కంపెనీలో 1994లో యాప్ హార్ట్‌సన్ అనే డచ్చి ఇంజనీరు దీని మీద పని మొదలెట్టాడు, 1998లో ఐదు కంపెనీలు కలిసి సంఘం పెట్టుకున్నాయి. పదో శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరు పెట్టమన్నది ఇంటెల్ లో పనిచేసిన జిమ్ కార్డాక్. తెగల్ని కలిపిన రాజు కదా, పరికరాల్ని కలుపుతుందని. బ్లూటూత్ ఆ చెక్కని 79 గీతలుగా గీసుకుని, సెకనుకి 1600 సార్లు ఒక గీత మీంచి ఇంకో గీత మీదకి గెంతుతుంది. తొక్కుడుబిళ్ళ ఆటే. ఒక గడిలో ఎవరైనా నిలబడి ఉంటే ఆ ముక్క పోతుంది, తర్వాతి గడిలో మళ్ళీ చెప్తుంది. 2003లో వచ్చిన మార్పుతో, రద్దీగా ఉన్న గడుల్ని గుర్తుపెట్టుకుని వాటిని దాటేసి గెంతడం నేర్చుకుంది.

అంత మర్యాదస్థులున్నా గొడవ ఎందుకొస్తోందంటారా? మర్యాద తెలియని వాళ్ళు ఇద్దరున్నారు. ఒకటి, ముందునుంచీ అక్కడున్న మైక్రోవేవ్ పొయ్యి. దాని దెబ్బ తిన్నవాళ్ళలో మహా మహా వాళ్ళున్నారు. అపోలో 11 చందమామ మీద దిగినప్పుడు బొమ్మలు అందుకున్న పార్క్స్ టెలిస్కోపు ఈ రాష్ట్రంలోనిదే. అక్కడ 1998 నుంచీ అప్పుడప్పుడూ విచిత్రమైన సిగ్నళ్ళు పడేవి, వాటికి పెరిటాన్లని పేరు పెట్టారు. ఆకాశం నుంచి వస్తున్నాయా, భూమ్మీదవా అని తలలు బద్దలు కొట్టుకున్నారు. 2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం తేల్చింది ఏమిటంటే, టెలిస్కోపు ఆవరణలో మైక్రోవేవ్ పొయ్యి ఆగకముందే ఎవరో తొందరపడి తలుపు లాగినప్పుడు బయటపడే రొద అది! శాస్త్రవేత్తలకీ ఆకలేస్తుంది మరి.

రెండోది, యూఎస్బీ 3. ఇది తీగ మీద నడిచేది, గాలితో దానికి పనే లేదు. కానీ సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో సమాచారం పంపుతుంటే ఆ తీగా, ఆ కనెక్టరూ చుట్టూ రొద చిమ్ముతాయి. ఆ రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్నీ కప్పేస్తుంది. 2012లో ఇంటెల్ వాళ్ళే కొలిచి ఈ సంగతి ప్రచురించారు. బయటి హార్డుడిస్కు గుచ్చగానే పక్క సందులో ఉన్న మౌసు డాంగిల్ చెవిటిదైపోవడం వెనక కథ ఇదే.

చరిత్ర తెలిసింది కాబట్టి మందుచీటీ తేలిక. ముందు బ్యాటరీ మార్చి చూడండి, సిగ్గుపడక్కర్లేదు. డాంగిల్ ని యూఎస్బీ 3 సందుల నుంచి, హార్డుడిస్కు నుంచి దూరంగా, చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో మౌసుకి కనపడేలా బల్ల మీద పెట్టండి. ఇనప బల్ల కింద, సీపీయూ వెనకాల దాచకండి. ల్యాప్‌టాప్, టీవీ లాంటి పెద్ద వాడకందార్లని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి తరలించండి, చిన్నవాళ్ళకి పోరంబోకులో చోటు మిగులుతుంది. 2.4 మీదే ఉండాల్సిన వైఫైని 1, 6, 11 చానళ్ళలో ఖాళీగా ఉన్నదాని మీద పెట్టండి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే. తీగతో ఉన్న వస్తువు కూడా తెగిపోతుంటే గాలిని తిట్టకండి. తీగ మార్చండి, కరెంటు పొదుపు కోసం కంప్యూటరు ఆ సందుని నిద్రపుచ్చుతోందేమో సెట్టింగుల్లో చూడండి.

ఇదంతా విని ఒక స్నేహితుడు అన్నాడు: "ఇంత తలనొప్పెందుకు గురూ, గవర్నమెంటు లైసెన్సులు పెట్టి ఎవరి గీత వాళ్ళకి గీసేస్తే పోలా?" లైసెన్సుల సంగతి మనవాళ్ళకి కొత్త కాదు. 1980ల దాకా మనదేశంలో ఇంట్లో రేడియో పెట్టె ఉంటే పోస్టాఫీసులో డబ్బు కట్టి, లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. వినడానికే అనుమతి! 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్లెస్ చట్టం చెప్పిన మాట అది. గాలి సర్కారువారిది.

ఆ మాటకి మొదటి పెద్ద దెబ్బ క్రికెట్ వల్ల తగిలింది. 1993లో హీరో కప్ మ్యాచులు ఎవరు చూపించాలని దూరదర్శన్ కీ బెంగాల్ క్రికెట్ సంఘానికీ తగువొచ్చింది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: వాయుతరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద సర్కారుకి గుత్తాధిపత్యం లేదు, ప్రజాహితం కోసం స్వతంత్రమైన సంస్థ వాటిని నియంత్రించాలి అని. ఆ ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్ళిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ఆయన విడిగా రాసిన తీర్పులో, గాలి సర్కారుది కానట్టే డబ్బున్న ప్రైవేటువాళ్ళదీ కాదని హెచ్చరించారు కూడా.

తీర్పు వచ్చిన పదేళ్ళకి, 2005 జనవరిలో, ఇండియా 2.4 గిగాహెర్ట్జ్ చెక్కని తక్కువ శక్తి పరికరాలకి ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా తెరిచింది. దాంతో ఏం ఒరిగింది అంటే పశ్చిమ గోదావరి జిల్లా వైపు చూడాలి. హైదరాబాదు బైర్రాజు ఫౌండేషన్ అక్కడి పల్లెల్లో "అశ్విని" అనే పథకం పెట్టింది. టవర్లు లేపి, అపార్ట్‌మెంట్లలో వాడే ఈ వైఫైనే గురిపెట్టిన యాంటెన్నాలతో ఊరి నుంచి ఊరికి కిలోమీటర్ల దూరం పంపింది. పల్లె పిల్లలకి వీడియో పాఠాలు, రోగులకి పట్నం డాక్టరు సలహా, దాని మీదే. ఐఐటీ కాన్పూర్ లో ఉన్న కామేశ్వరి చేబ్రోలు, భాస్కరన్ రామన్ ఇలాంటి పల్లె లింకుల మీద పరిశోధన చేశారు. అలాంటి దూరపు లింకుల కొలతల్ని 2006లో ప్రచురించారు. వానా పొగమంచూ పెద్దగా బాధించలేదట. దెబ్బతీసేది మాత్రం అదే గాలిలో ఇంకొకరు మాట్లాడటం. మన మౌసు రోగమే, కాస్త పెద్ద ఎత్తున.

అయినా ఆ లైసెన్సు అడ్డు ఉండుంటే ఆ టవర్లు లేచేవా? ఒక్కో లింకుకీ ఢిల్లీకి అర్జీ పెట్టుకోవాలి, లేదా వేలంలో కోట్లు పెట్టి కొన్న కంపెనీ దయ కోసం చూడాలి. పల్లెలో లాభం లేదని ఆ కంపెనీ రాదు. పోరంబోకు కాబట్టే ఎవర్నీ అడక్కుండా పని జరిగింది.

ఇప్పుడు ఈ చెక్క నిండిపోయింది. మా భవనంలో ఏ గదిలో చూసినా ఇరవై ముప్ఫై వైఫైలు కనిపిస్తాయి, వాటిలో రెండింటికి తెలుగు హీరోల పేర్లు. కొత్త చోటు కోసం అమెరికా 2020లో, ఆస్ట్రేలియా 2022లో 6 గిగాహెర్ట్జ్ దగ్గర ఇంకో చెక్క తెరిచాయి. ఇండియాలో ఆ చెక్క కోసం సెల్ కంపెనీలకీ వైఫై పక్షం వాళ్ళకీ ఏళ్ళ తరబడి వాదన నడిచింది. 2025 మే నెలలో అందులో కింది భాగాన్ని లైసెన్సు లేకుండా వదులుతామని సర్కారు ముసాయిదా నియమాలు విడుదల చేసింది. ఇలాంటి వార్తలు పేపర్లో లోపలి పేజీల్లో మూల పడుంటాయి, వేలంలో ఎన్ని వేల కోట్లు వచ్చాయన్నది మాత్రం మొదటి పేజీలో ఉంటుంది. పోరంబోకు అమ్మితే ఖజానాకి డబ్బొస్తుంది నిజమే. ఆ తర్వాత పశువులు ఎక్కడ మేస్తాయి, పిల్లలు ఎక్కడ ఆడతారు అన్నది ఊరివాళ్ళే అడగాలి. అప్పటిదాకా పక్కింటివాళ్ళ పొయ్యితో కాస్త సర్దుకుపోదాం.