తెరచాప నీడలో డీజిల్

1910లో రోల్డ్ అమండ్‌సెన్ దక్షిణ ధ్రువానికి బయల్దేరిన ‘ఫ్రామ్’ ఓడలో అంతకుముందున్న ఆవిరి యంత్రాన్ని తీసేసి 180 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్ బిగించారు. ఫ్రామ్ తెరచాపల ఓడ. గాలి ఉన్నంతసేపూ గాలే నడిపేది. గాలి పడిపోయినప్పుడు, మంచుగడ్డల మధ్య దారి వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు ఇంజన్ కావాలి. ఆవిరి యంత్రమైతే బొగ్గు రాజేసి, బాయిలర్ వేడెక్కేదాకా గంటల తరబడి కాచుకోవాలి. బొగ్గు ఎత్తిపోసే మనుషులకు తిండీ చోటూ చూడాలి. డీజిల్ నిమిషాల్లో అందుకునేది. అయితే దాని బాగోగులు చూడడానికి క్నుట్ సుండ్‌బెక్ అనే స్వీడన్ ఇంజనీరు కూడా ఓడెక్కాల్సి వచ్చింది. ఆనాడు సుండ్‌బెక్ చేసిన పని తర్వాతి డెబ్భై, ఎనభై ఏళ్లలో మామూలు పడవ యజమాని చేతికి వచ్చింది. ఇప్పుడు ఆ చేతుల్లోంచి జారిపోతోంది. తెరచాప పడవల్లో డీజిల్ కథ నాకు ముఖ్యంగా కనిపించేది ఇక్కడే.

ఫ్రామ్‌కు కొంచెం ముందు, 1895-98 మధ్య, జాషువా స్లోకమ్ ‘స్ప్రే’ అనే పడవలో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి వచ్చాడు. అందులో ఇంజనే లేదు. చుక్కాని, తాళ్లు, తెరచాపలు, చెక్క: చెడితే బాగు చేసుకోవాల్సినవి ఇవే. అదే కాలంలో స్కాండినేవియా జాలర్ల పడవల్లోకి హాట్ బల్బ్ ఇంజన్లు వచ్చాయి. సిలిండర్ తలమీది ఇనుప బుర్రను బ్లో ల్యాంప్‌తో బాగా కాల్చి, ఆ వేడికి ఆయిల్ అంటుకునేలా చేసి, బరువైన ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పేవారు. మోటుగా ఉన్నా, నాసి ఆయిల్ పోసినా నడిచేవి.

అసలు డీజిల్ ఇంజన్‌ను రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించాడు. గాలిని గట్టిగా నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అందులోకి ఆయిల్ చిమ్మితే దానంతట అదే మండుతుంది. స్పార్క్ ప్లగ్గు లేదు, దానికి కరెంటు మోసే వైర్లు లేవు. ఉప్పు తేమలో మొదట చెడిపోయేవి అవే కాబట్టి సముద్రం మీద ఇది చిన్న సంగతి కాదు. కానీ ఆ తొలి ఇంజన్లు ఆయిల్‌ను కంప్రెసర్ గాలితో లోపలికి చిమ్మేవి. ఇంజనూ కంప్రెసరూ కలిసి చిన్న పడవలో పట్టే మాట కాదు. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక కంప్రెసర్ అవసరం తప్పింది. 1933లో జపాన్‌లో యామాఓకా మగోకిచి చిన్న డీజిల్ ఇంజన్‌ను తయారు చేశాడు. ఆయన కంపెనీయే యాన్మార్. అందరి కళ్లూ పెద్ద ఓడల ఇంజన్ల మీదే ఉన్నా, చిన్న పడవల దారి మార్చింది ఈ రెండు సంగతులే.

అయినా విహార పడవల వాళ్లు చాలాకాలం పెట్రోలునే నమ్ముకున్నారు. అమెరికాలో 1947 నుంచి 1985 దాకా సుమారు 40,000 ‘అటామిక్ 4’ ఇంజన్లు తయారయ్యాయి. చవక, తేలిక, పెద్దగా చప్పుడు లేదు. భయమల్లా ఆవిరితోనే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున చేరి కూర్చుంటుంది. అందుకే తాళం తిప్పే ముందు బ్లోయర్‌తో ఆ గాలిని బయటికి తోలాలి. డీజిల్ మామూలు వేడికి అలా ఆవిరై అంటుకోదు. 1960ల నుంచి పెర్కిన్స్, వోల్వో పెంటా, యాన్మార్ చిన్న డీజిళ్లు పెట్రోలు ఇంజన్ల చోటులోకి రావడానికి పొదుపు ఎంత కారణమో ఈ భయం తప్పడమూ అంతే కారణం.

మన కోస్తాలో కథ వేరే దారి పట్టింది. కాకినాడ, విశాఖ తీరాల్లో చేపల వేట పడవలకు ఇంజన్లు వచ్చాక తెరచాప దాదాపుగా తప్పుకుంది. పడమటి విహార పడవలో మాత్రం రెండూ కలిసి కాపురం చేశాయి. ఇంజన్‌కు తిప్పలు వచ్చింది ఆ కాపురంలోనే. వారాల తరబడి ఊరికే పడి ఉండాలి, అవసరమైన నిమిషంలో మాత్రం తప్పకుండా అందుకోవాలి.

ఇంజన్‌ను చల్లబరచడం మొదటి చిక్కు. తొలి చిన్న ఇంజన్లలో సముద్రపు నీళ్లే నేరుగా సిలిండర్ల చుట్టూ తిరిగేవి. నీళ్లు బాగా వేడెక్కితే ఉప్పు పేరుకుని దారులు మూసుకుపోతాయి. అందుకని ఇంజన్‌ను 50 డిగ్రీల చుట్టూ చల్లగా నడపాల్సి వచ్చేది. అంత చల్లగా నడిచే డీజిల్‌లో ఆయిల్ సరిగ్గా కాలదు, మసి పడుతుంది. దీనికి మందుగా హీట్ ఎక్స్‌ఛేంజర్ వచ్చింది. ఇంజన్ లోపల కూలెంట్ కలిపిన మంచినీళ్లు తిరుగుతాయి, సన్నని గొట్టాల్లో సముద్రపు నీళ్లు ప్రవహించి ఆ వేడిని పట్టుకుపోతాయి. ఇంజన్ 80 డిగ్రీల దాకా హాయిగా నడుస్తుంది.

ఒక చిక్కు తీరితే ఇంకో పని తగులుకుంది. సముద్రపు నీళ్లను తోడే పంపులో చిన్న రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది, దాని రెక్కలు నీళ్ల తడికే జారుతూ తిరుగుతాయి. నీటి వాల్వు తెరవడం మరిచి ఇంజన్ స్టార్ట్ చేస్తే కాసేపటికే రబ్బరు మాడి రెక్కలు తెగుతాయి. కొత్తది బిగిస్తే సరిపోదు. తెగిన రెక్కలన్నీ లెక్కకు వచ్చేదాకా గొట్టాలు విప్పి వెతకాలి. ఒక్క ముక్క హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతి దగ్గర ఇరుక్కున్నా నీళ్లు సగమే వెళ్తాయి, నెల తర్వాత ఎండవేళ ఇంజన్ వేడెక్కిపోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

అదే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పెన్సిలంత జింకు కడ్డీ ఒకటి ఉంటుంది. దాని వెనక రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1824లో హంఫ్రీ డేవీ, బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగు ఉప్పునీటిలో తినుకుపోకుండా ఉండాలంటే దానికి జింకో ఇనుమో తగిలిస్తే చాలని రాయల్ సొసైటీకి వివరించాడు. రాగి బదులు జింకు కరిగిపోతుంది. ప్రయోగం ఫలించింది, రాగి నిలిచింది. కానీ కరిగే రాగి విషమే అన్నాళ్లూ నాచునూ నత్తగుల్లలనూ దూరంగా ఉంచిందని అప్పుడు తెలిసింది. కరగడం ఆగేసరికి ఓడ అడుగంతా గుల్లలు పట్టి నడక మందగించింది. నౌకాదళం ఆ పద్ధతిని పక్కన పెట్టేసింది. డేవీ సూత్రం మాత్రం బతికింది. సగం కరిగిన జింకు కడ్డీని విప్పి కొత్తది బిగించే ప్రతి పడవ యజమానీ ఆయన చెప్పిన పనే చేస్తున్నాడు.

డీజిల్ ఆగిపోతే చాలాసార్లు తప్పు ఇంజన్‌లో ఉండదు, ట్యాంకులో ఉంటుంది. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీళ్లయి అడుక్కి చేరుతుంది. ఆ నీళ్లకూ డీజిల్‌కూ మధ్య పొరలో బూజూ బ్యాక్టీరియా పెరిగి జిగురు కడతాయి. సముద్రం ఎగసిన రోజున ఆ మడ్డి అంతా కదిలి ఫిల్టర్లకు అడ్డం పడుతుంది. రేవు ముఖద్వారంలో ఇంజన్ ఆగేది సరిగ్గా అప్పుడే. ఫిల్టర్ మార్చాక లైన్లో ఎయిర్ పడుతుంది. మన పల్లెల్లో డీజిల్ పంపుసెట్టు నడిపిన రైతులకు ఈ బాధ కొత్తది కాదు. ఫిల్టర్ మీది చిన్న బోల్టును పానాతో ఒకటిన్నర చుట్టు వదులు చేసి, లిఫ్ట్ పంపు పిడిని వేలితో కొడుతూ పోతే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని డీజిల్. అప్పుడు బిగించాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు దగ్గర, ఆపైన ఇంజెక్టర్ నట్టు దగ్గర ఇదే తతంగం. పడవలో ఇంకో జాగ్రత్త ఉంది. ఇంజన్ అందుకోకుండా స్టార్టర్‌ను పదేపదే తిప్పుతుంటే, ఇంజన్‌ను చల్లబరిచి సైలెన్సర్‌లోకి చేరే సముద్రపు నీళ్లను బయటికి తోసే పొగ ఉండదు. అవి వెనక్కి ఎగదన్ని సిలిండర్‌లోకి చేరతాయి. ఆ కాసేపు నీటి వాల్వు మూసి ఉంచాలి. ఇది తెలియక పాడైన ఇంజన్లు తక్కువేం కాదు.

యజమానే మెకానిక్ అయిన కాలానికి 1968-69 నాటి రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ యాత్రను మించిన సాక్ష్యం నాకు కనబడదు. ఆయన ‘సుహైలీ’ ముంబయిలో టేకుతో కట్టిన పడవ. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన మొదటి మనిషి ఆయనే. దారిలో బ్యాటరీలు ఛార్జ్ చేసే చిన్న ఇంజన్ మొరాయించింది. మాగ్నెటోలో సందు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సరిచేయాలి, ఫీలర్ గేజ్ లేదు. ఆయన ఒక పుస్తకం తీసి ఎన్ని పేజీలు ఒక అంగుళం మందం వస్తాయో లెక్కపెట్టాడు. రెండు వందలు వచ్చాయి. అంటే ఒక్కో పేజీ వెయ్యిలో ఐదు వంతులు. కావాల్సినన్ని పేజీలు సందులో పెట్టి సరిచేశాడు.

1980లో యాన్మార్ జీఎమ్ వరుస వచ్చింది. ఒకటి, రెండు, మూడు సిలిండర్లు. సుమారు 170 బార్ల ఒత్తిడితో చిమ్మే ఇంజెక్టర్లు, వేలితో కదిపే డీకంప్రెషన్ లివర్, చిన్నవాటికి చేత్తో తిప్పే హ్యాండిల్. ఇంజన్ లోపల కంప్యూటర్ ఊసే లేదు. 1987లో నైజెల్ కాల్డర్ పడవల డీజిళ్ల మీద పుస్తకం రాశాడు. 1990లో పడవ యజమానుల కోసం మెకానికల్, ఎలక్ట్రికల్ పనులన్నీ కలిపిన పెద్ద మాన్యువల్ ఇచ్చాడు. సుండ్‌బెక్ పని అక్కడ పూర్తిగా యజమాని చేతికొచ్చిందని నేననుకుంటాను.

అదే సమయంలో ఇంజన్ పని కూడా మారిపోయింది. ఫ్రిజ్, ఆటోపైలట్, రాడార్, ఉప్పునీటిని తాగునీరుగా మార్చే యంత్రం అన్నీ బ్యాటరీ మీద పడ్డాయి. పడవను కదిలించడానికి కొన్న ఇంజన్ లంగరు దగ్గర గంటల కొద్దీ ఆల్టర్నేటర్‌ను తిప్పుతూ నిలబడింది. బరువు లేకుండా అలా నడిస్తే డీజిల్‌కు చేటు. సిలిండర్ గోడలు అద్దంలా నున్నబడి ఆయిల్ లాగుతుంది, నీళ్లు కలిసే ఎగ్జాస్ట్ వంపులో మసి గట్టిపడుతుంది. సోలార్ పలకలు, ఎల్ఈడీ దీపాలు వచ్చాక ఈ భారం కొంత తగ్గింది.

దూరప్రయాణంలో చెడేది ఇంజనొక్కటే కాదు. భారత నౌకాదళ మహిళా అధికారులు ఆరుగురు 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ‘తారిణి’ అనే తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టడానికి బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. చివరి అంకంలో స్టీరింగ్‌లో లోపం వచ్చి మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. దక్షిణ మహాసముద్రాలు దాటిన పడవను కూడా ఒక్క భాగం రేవు పట్టించగలదు.

కాలుష్య నిబంధనలు కఠినమయ్యేకొద్దీ ఇప్పుడు కామన్ రైల్ ఇంజన్లు వస్తున్నాయి. వాటి ఒత్తిడి 1,600 బార్ల పైమాట. లైన్ వదులు చేసి వేలు పెట్టి చూస్తే డీజిల్ సూదిలా చర్మం లోపలికి దిగుతుంది, ప్రాణాపాయం. ఇంజెక్టర్ ఎంతసేపు చిమ్మాలో కంప్యూటర్ చెబుతుంది. అది అలిగితే ఏ లోపమో చదవడానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. పొగ తగ్గింది, చప్పుడు తగ్గింది, డీజిల్ ఆదా అవుతోంది. ఇవి మంచి లాభాలే. కానీ తీరానికి వెయ్యి మైళ్ల దూరంలో పానా పట్టుకున్న మనిషి చేయగలిగింది ఏమీ మిగలకపోవడం నాకు పెద్ద నష్టంగానే తోస్తుంది. 30 హార్స్‌పవర్ లోపు పడవ ఇంజన్లలో చాలావాటికి ఇప్పటికీ మెకానికల్ పంపే ఉంది. కుబోటా ఇంజన్ల మీద బీటా మెరీన్ తయారు చేసేవి వాటిలో కొన్ని. దూరప్రయాణాలకు సిద్ధమయ్యేవాళ్లలో చాలామంది ఇప్పటికీ అలాంటివే అడిగి బిగించుకుంటున్నారు, నలభై ఏళ్ల నాటి జీఎమ్‌లను విప్పి మళ్లీ కట్టుకుంటున్నారు.