పింఛను పుచ్చుకొన్న గూఢచారి

గూఢచారి అనగానే మనలో చాలమంది కన్నులముందు ఒక రూపము నిలుచును. నిండు యౌవనము, చేతిలో పిస్తోలు, వాయువేగముతో పోవు కారు, అడుగడుగున అపాయము. ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో జేమ్స్ బాండును సృష్టించినది మొదలు ఈ రూపము లోకమంతట వ్యాపించినది. 1966లో 'గూఢచారి 116' అను పేర మన తెలుగు వెండితెరకును అట్టి వీరుడొకడు వచ్చినాడు. కాని గూఢచారి కథల చరిత్రలో దీనికి కేవలము భిన్నమైన మూర్తి మరియొకడు ఉన్నాడు. అతడు వయస్సు మళ్లినవాడు, పొట్టివాడు, కొంచెము స్థూలకాయుడు, దళసరి కళ్లజోడువాడు. కొలువు పోయి, ఇంటిలో పాత పుస్తకములతో కాలము గడుపుచుండగా, ఒక రాత్రివేళ పాత కచేరీవారు కబురంపి మరల రమ్మందురు. అతని పేరు జార్జి స్మైలీ. అతనిని సృష్టించినవారు ఆంగ్ల నవలాకారులు జాన్ లెకారే.

రాజ్యము తాను బయటికి పంపినవానినే మరల ఏల పిలుచును? పిలిచినప్పుడు అతడేల వెళ్లును? వెళ్లి గెలిచినచో అతనికి దక్కునదేమి? ఈ మూడు ప్రశ్నలను ముందుంచుకొని, ఆ కథల వెనుకనున్న చరిత్రను మనము కొంత పరికింతము.

ఈ కథాబీజము మనకు క్రొత్తది కాదు. విశాఖదత్తుని 'ముద్రారాక్షసము' మొదటినుండి చివరివరకు వేగులవారి నాటకమే. నందవంశము నశించినది, వారి మంత్రి రాక్షసుడు పదవి కోల్పోయి, ప్రభువుల పగ తీర్చుటకై పాటుపడుచున్నాడు. చాణక్యుడు అతనిని చంపగోరలేదు. అట్టి స్వామిభక్తి గలవాడు చంద్రగుప్తుని కొలువులో ఉండవలెనని కోరినాడు. అందుకై రాక్షసుని ముద్రిక చేజిక్కించుకొన్నాడు, కూటలేఖ పుట్టించినాడు, మిత్రుల వేషములో చారులను అతని చుట్టు నిలిపినాడు. అయినను రాక్షసుని తుదకు లొంగదీసినది భయము కాదు. తనకొరకు మిత్రుడు చందనదాసు వధ్యస్థానమునకు కొనిపోబడుచున్నాడన్న వార్త అతనిని లొంగదీసినది. మనిషిలోని మంచితనమునే పట్టుకొని అతనిని లాగవచ్చునన్న యీ క్రూరసత్యమును మనము గుర్తుంచుకొందము. కథ చివర దీనితో మరల పని పడును.

ఇక ఇంగ్లండు సంగతి. రడ్యార్డ్ కిప్లింగ్ 'కిమ్' నవల 1901లో వెలువడినది. లాహోరు వీథులలో పెరిగిన తెల్లపిల్లవాడు, మన దేశపు వాయవ్యసీమలలో రష్యా ప్రాబల్యమునకు విరుద్ధముగా ఆంగ్లేయులు నడపిన వేగుచర్యలో పాలుపంచుకొను కథ అది. 1903లో ఎర్‌స్కిన్ చైల్డర్స్ వ్రాసిన నవల జర్మను దండయాత్రను గూర్చిన భయమును ఇంటింటికి చేర్చినది. బ్రిటిషు ప్రభుత్వము 1909లో స్థాపించిన రహస్య కార్యాలయమే తరువాత రెండుగా చీలి, స్వదేశములో శత్రుచారులను పట్టు ఎం.ఐ.5గను, విదేశములలో వార్తలు రాబట్టు ఎం.ఐ.6గను పెరిగినది. మొదటి ప్రపంచయుద్ధములో స్విట్జర్లాండులో స్వయముగా చారుడై పనిచేసిన సోమర్‌సెట్ మామ్, 1928లో 'యాషెండెన్' కథలు ప్రకటించి, ఆ కొలువులో వీరత్వము కంటె విసుగే హెచ్చని మొదటిసారి చాటినారు.

కిప్లింగ్ కథానాయకుని పేరు ఒక విచిత్రమైన వారసునికి సంక్రమించినది. 1912 జనవరి 1వ తేదీన మన దేశములోని అంబాలాలో, ఐ.సి.యస్. ఉద్యోగి ఒకరికి కుమారుడు కలిగినాడు. ముద్దుగా ఆ బిడ్డను 'కిమ్' అని పిలిచినారు. అతడే కిమ్ ఫిల్బీ. కేంబ్రిడ్జిలో చదివి, 1934లో సోవియట్ గూఢచార శాఖలో రహస్యముగా చేరి, పిదప బ్రిటిషు గూఢచార శాఖలోనే ప్రవేశించినాడు. 1944లో, సోవియట్ చారులను ఎదుర్కొనుటకై ఎం.ఐ.6 ఏర్పరచిన విభాగమునకే అధిపతి అయినాడు. దొంగ చేతికే తాళమిచ్చినట్లయినది. ఇట్టివానికి కౌటిల్యుడు తన అర్థశాస్త్రములో 'ఉభయవేతనుడు' అని పేరిడినాడు. ఇద్దరి యొద్దను జీతము పుచ్చుకొనువాడని అర్థము.

ఫిల్బీ వలన జరిగిన చేటుకు ఒక్క ఉదాహరణము చాలును. 1945లో ఇస్తాంబులులోని సోవియట్ ఉద్యోగి కాన్‌స్టాంటిన్ వోల్కోవ్ బ్రిటిషువారిని ఆశ్రయము కోరినాడు. ప్రతిఫలముగా, బ్రిటిషు శాఖలలో దాగియున్న సోవియట్ చారుల వివరములు ఇత్తుననినాడు. ఆ కాగితము లండనులో చేరినది ఫిల్బీ బల్లమీదికే. అతడు మాస్కోకు వర్తమానమంపి, ఆలస్యముగా ఇస్తాంబులు చేరునప్పటికి వోల్కోవ్ అక్కడ లేడు. మాస్కోకు తరలింపబడిన ఆ మనిషి మరల వెలుగు చూడలేదు.

1951 మే నెలలో ఫిల్బీ సహచరులైన బర్జెస్, మక్లీన్ రష్యాకు పారిపోయినారు. అనుమానము ఫిల్బీపై సోకి, ఆ సంవత్సరమే అతడు కొలువు వీడవలసి వచ్చినది. కాని నిరూపణ లేదు. 1955లో విదేశాంగమంత్రి మాక్మిలన్ అతడు దోషియనుటకు ఆధారము లేదని పార్లమెంటులో ప్రకటించినారు. 1956లో ఫిల్బీ పత్రికా విలేఖరిగా బేరూతు చేరినాడు. పాత మిత్రులు అతనిని మరల రహస్యపు పనిలోనికి తీసుకొన్నారు. కొలువు పోయిన చారుని వెనుకకు పిలుచుట అనునది నిజచరిత్రలో ఇట్లు జరిగినది. పిలిచినది నమ్మకముచేత, పిలువబడినవాడు ద్రోహి! 1963 జనవరిలో, సత్యము బయటపడు వేళకు, అతడు బేరూతునుండి మాయమై మాస్కో చేరినాడు. అక్కడనే 1988లో మరణించినాడు.

ఆ నాటికి లెకారే ఆ శాఖలోనే చిన్న ఉద్యోగి. వారి అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్, జననము 1931. తండ్రి మోసములతో బ్రతికినవాడు. తల్లి, బిడ్డకు అయిదేండ్ల వయస్సప్పుడు ఇల్లు విడిచి వెళ్లినది. నమ్మకము, ద్రోహము అను రెండు మాటలు ఆయనకు పసితనమునుండి ఇంటి మాటలే. ఆక్స్‌ఫర్డులో చదివి, ఈటన్ పాఠశాలలో ఉపాధ్యాయులై, 1958లో ఎం.ఐ.5లోను, 1960లో ఎం.ఐ.6లోను చేరి జర్మనీలో పనిచేసినారు. ఉద్యోగులు సొంత పేరుతో నవలలు ప్రకటింపరాదు గనుక మారుపేరు పెట్టుకొన్నారు. 1963లో వచ్చిన మూడవ నవల ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చినది; మరుసటి సంవత్సరము కొలువు మానినారు. తన పేరు కూడ ఫిల్బీ రష్యావారికి అందజేసియుండునని ఆయన నమ్మినారు. 1987లో మాస్కో వెళ్లినప్పుడు ఫిల్బీని కలియుటకు నిరాకరించినారు.

స్మైలీ 1961 నాటి మొదటి నవలలోనే కానవచ్చును; అందులోనే రాజీనామా ఇచ్చి, పదవి లేకుండ పరిశోధన సాగించును. అతని రూపునకు, తన ఆక్స్‌ఫర్డు గురువు వివియన్ గ్రీను, ఎం.ఐ.5 సహోద్యోగి జాన్ బింగ్‌హామ్ ఆధారమని లెకారే చెప్పినారు. కాని పునరాహ్వాన కథకు పరిపూర్ణరూపము 1974 నాటి 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై' నవల. అందులో గూఢచార శాఖ పైమెట్టున సోవియట్ చారుడొకడు తిష్ఠ వేసినాడు. చెకోస్లవేకియాలో ఒక పన్నాగము విఫలము కాగా పాత అధిపతి దిగిపోయినాడు, ఆయనతోపాటు స్మైలీయు పోయినాడు. హాంగ్‌కాంగులో ఒక రష్యను స్త్రీ ఆ రహస్యము చెప్పబోవును. ఆ కబురు లండను చేరిన వెంటనే ఆమె రష్యాకు తరలింపబడును. వోల్కోవ్ కథ ఎరిగినవారికి దీని మూలమెక్కడిదో వేరుగ చెప్పనక్కరలేదు. ద్రోహి యెవడో మాత్రము మేము చెప్పము. చదువబోవువారి ఆనందమును చెరుపుట మాకిష్టము లేదు.

ఇక్కడ మన మొదటి ప్రశ్నకు సమాధానము దొరకును. లోపలివారు అందరును అనుమానితులే అయినప్పుడు పరీక్షింపదగినవాడు బయటివాడే. కాని కేవలము బయటివానికి లోపలి గుట్టు తెలియదు. రెండును తెలిసినవాడు పింఛనుదారు ఒక్కడే. పైగా దస్త్రములలో కాగితములు చింపవచ్చును, మార్చవచ్చును. వృద్ధుల జ్ఞాపకములను చింపుట సాధ్యము కాదు. అందుచేతనే స్మైలీ ఒక చిన్న హోటలు గదిలో కూర్చుండి పాత దస్త్రములు చదువును. తనవలెనే తొలగింపబడిన కానీ శాక్స్ అను వృద్ధురాలి యొద్దకు వెళ్లి ఆమె నెమరువేయు పాత సంగతులు వినును. ఈ నవలలో తుపాకి మ్రోతలు తక్కువ, వినుట ఎక్కువ. ఏ కచేరీలోనైనను, ముసలి గుమాస్తా వెళ్లిపోయిన మరునాడు గాని అతడు మోసిన జ్ఞాపకమెంతటిదో ఎవరికిని తెలియదు కదా!

రెండవ ప్రశ్నకు సమాధానము ఇంత సులభము కాదు. దేశభక్తి కొంత, అవమానము కొంత, పని లేనివాని శూన్యము కొంత. వీటన్నిటికి మించి, స్మైలీకి కార్లా అను సోవియట్ అధిపతితో తీరని ఋణమున్నది. ఆ ఋణము పుట్టినది మన దేశములోనే. 1950ల మధ్యకాలమున ఢిల్లీ చెరసాలలో నున్న కార్లాను తమవైపు రమ్మని స్మైలీ బ్రతిమాలును. కార్లా ఒక్క మాటయు పలుకడు. స్మైలీ భార్య కానుకగా ఇచ్చిన సిగరెట్టు లైటరును మాత్రము తీసుకొని వెళ్లిపోవును. ఆ మౌనము స్మైలీని జీవితమంతయు వెంటాడును.

1979 నాటి 'స్మైలీస్ పీపుల్' నవలలో, పాత అనుచరుడొకడు లండనులో హత్యకు గురికాగా, ప్రభుత్వమువారు స్మైలీని మరల పిలుతురు. గొడవ సద్దుమణచి పొమ్మనుటకే వారు పిలిచినారు. అతడు సత్యమును త్రవ్వును. కార్లాకు మతి చలించిన కూతురు ఒకతె కలదనియు, ఆమెను స్విట్జర్లాండులో రహస్యముగా ఉంచి చికిత్స చేయించుచున్నాడనియు తెలియును. ఆ ప్రేమనే ఉరిగా పన్ని స్మైలీ శత్రువును లొంగదీయును. బెర్లినులో వంతెన దాటి వచ్చుచు కార్లా ఆ లైటరును నేలమీద విడుచును. స్మైలీ దానిని ఎత్తుకొనడు. చందనదాసుపై స్నేహముతో రాక్షసుని పట్టిన చాణక్యనీతియే ఇది. భేదమొక్కటే: చాణక్యుడు గెలిచి తృప్తి పొందినాడు. స్మైలీ, తాను జీవితమంతయు ఎదిరించిన పద్ధతినే తానును పట్టి గెలిచినానని తెలిసికొన్నాడు. మూడవ ప్రశ్నకు ఇదియే సమాధానము. అతనికి దక్కినది విజయము. పోయినది, దేనికొరకు విజయము కోరినాడో అది.

కథ ఇట్లుండగా చరిత్ర దానిని వెంటనే అనుకరించినది. 1973 నుండి 1978 వరకు ఎం.ఐ.6 అధిపతిగా నుండిన మారిస్ ఓల్డ్‌ఫీల్డ్ విశ్రాంతి తీసుకొని ఆక్స్‌ఫర్డు చేరినారు. 1979లో ప్రధాని మార్గరెట్ థాచర్ ఆయనను పిలిచి, ఉత్తర ఐర్లండులో రక్షణ వ్యవహారములను సమన్వయపరచు బాధ్యత అప్పగించినారు. ఆరోగ్యము క్షీణింపగా 1981లో ఆయన మరణించినారు. ఆ 1979లోనే బి.బి.సి. టెలివిజనులో ఎలెక్ గిన్నెస్ స్మైలీగా దర్శనమిచ్చినారు. ఆ సంవత్సరము నవంబరులోనే, ఫిల్బీ బృందములో నాలుగవవాడు ఆంథొనీ బ్లంట్ అని థాచర్ పార్లమెంటులో వెల్లడించినారు. రేడియో శ్రోతలకు ప్రియమైన సంగతి యొకటి: 2009, 2010 సంవత్సరములలో బి.బి.సి. రేడియో స్మైలీ నవలలన్నిటిని శ్రవ్యనాటకములుగా ప్రసారము చేసినది. చూచుట కంటె వినుటయే ప్రధానమైన యీ కథలకు రేడియో తగిన వేదిక.

లెకారే 2020లో కన్నుమూసినారు. అంతకు మూడేండ్ల ముందు వ్రాసిన నవలలో, స్మైలీ శిష్యుడు పీటర్ గిలమ్‌ను, ముసలితనములో, ఫ్రాన్సులోని పల్లెనుండి లండనుకు మరల పిలిపించినారు. ఈసారి పిలుపు క్రొత్త పని కొరకు కాదు. వెనుకటి చర్యలలో బలియైపోయినవారి బిడ్డలకు సమాధానము చెప్పుటకు. రాజ్యము తన సేవకుని పిలుచుట రెండు విధములు: అవసరమునకు ఒకసారి, లెక్క అప్పగించుటకు మరియొకసారి. మొదటి పిలుపున అతని వెనుక రాజ్యమంతయు నిలుచును. రెండవ పిలుపునకు అతడొక్కడే వెళ్లవలెను.