ఆలీ కౌలాలంపూర్ వచ్చిన ఏడాది

ఈ రోజు ఆదివారం కదా, కొంచెం పెద్ద పోస్ట్ పెడుతున్నా. ఓపికుంటే చివరిదాకా చదవండి.

మొన్న రాత్రి మా కౌలా సెలంగోర్ రూములో కుర్రాళ్ళు ఫోన్లో మైక్ టైసన్ ఫైట్ చూస్తున్నారు. 2024 నవంబర్‌లో టెక్సాస్‌లో జేక్ పాల్ అనే యూట్యూబ్ కుర్రాడితో ఆడింది. అప్పటికి టైసన్‌కి 58 ఏళ్ళు. 8 రౌండ్లు, ఒక్కోటి 2 నిమిషాలే. అయినా కాళ్ళు కదల్లేదు, ఓడిపోయాడు. ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, హెవీవెయిట్‌లో కుర్రాళ్ళే లేరా? ఈ తాతల్ని ఎందుకు దించుతున్నారు?"

మంచి ప్రశ్నే. 2025 జులైలో 4 బెల్టులూ తన దగ్గరే పెట్టుకున్న ఉసిక్‌కి కూడా 38 ఏళ్ళు. ఆయన మంచి ఆటగాడే, కాదనను. కానీ ఆయన్ని దించే కుర్రాడు రాలేదు. ఇది కొత్త జబ్బు కాదు, 50 ఏళ్ళ కిందట కూడా ఉంది. ఆ కథలో ఒక ముక్క మనకి గంటన్నర దూరంలో, కౌలాలంపూర్‌లోనే జరిగింది. అందుకే రాస్తున్నా.

సెలవు రోజు సిటీకి వెళ్ళినవాళ్ళు మెర్డెకా 118 బిల్డింగ్ చూసే ఉంటారు. 118 అంతస్తులు, 678.9 మీటర్లు. మన పని మనిషి ఎవడైనా తలెత్తి దాన్నే చూస్తాడు. దాని పక్కనే కింద పాత స్టేడియం ఒకటి ఉంది, దాన్ని పట్టించుకోం. 1957 ఆగస్టు 31న మలయా స్వాతంత్ర్యం ప్రకటించింది ఆ మెర్డెకా స్టేడియంలోనే. 1975 జులై 1న మహమ్మద్ ఆలీ, జో బగ్నర్ ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ కోసం ఆడింది కూడా అక్కడే. అమెరికాలో అప్పటికి జూన్ 30 రాత్రి. వాళ్ళ టైముకి సరిపోవాలని ఇక్కడ పగటిపూట పెట్టారు. పైన కప్పు లేని స్టేడియం. ఇక్కడి ఉక్కపోత ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా?

ఆలీకి అప్పుడు 33, బగ్నర్‌కి 25. బగ్నర్ హంగేరీలో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగినవాడు. వయసుంది, ఎత్తుంది, బలముంది. కానీ మీదపడి ఆడలేదు. చేతులు అడ్డం పెట్టుకుని జాగ్రత్తగా 15 రౌండ్లూ లాగేశాడు. జడ్జిలందరూ ఆలీకే ఇచ్చారు. భయపడి ఆడాడని బగ్నర్‌ని పేపర్లవాళ్ళు తిట్టారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ ఒక్క ఏడాదిలో ఆలీ 4 టైటిల్ ఫైట్లు ఆడాడు. మార్చిలో చక్ వెప్నర్ (మందు అమ్ముకునే సేల్స్‌మన్ ఆయన), మేలో రాన్ లైల్, జులైలో ఇక్కడ బగ్నర్, అక్టోబర్ 1న మనీలాలో జో ఫ్రేజియర్. రౌండ్లు కలిపితే 15, 11, 15, 14. మొత్తం 55. వయసు మీదపడుతున్న మనిషి 7 నెలల్లో చేసిన ఓవర్‌టైమ్ అది.

ఎందుకు చేయించారు? ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటారు కదా, ఇక్కడ ఇంకో రకం. చెట్టు నిజంగా మహావృక్షమే, కానీ దాని కింద కొత్త మొక్క లేవలేదు. ఆలీ, ఫ్రేజియర్, ఫోర్‌మన్, నార్టన్ ఒకే కాలంలో వచ్చేశారు. వాళ్ళ వెనక పేరు చెబితే టికెట్లు తెగే కుర్రాడు లేడు. టీవీవాడికి, ప్రమోటర్‌కి ఆలీ పేరే కావాలి.

1976 మేలో జర్మనీలో ఆలీ ఎవరితో ఆడాడో తెలుసా? రిచర్డ్ డన్ అనే ఇంగ్లండ్ మనిషితో. ఆయన పని స్కాఫోల్డింగ్! మనలాగే పైపులు, క్లాంపులు బిగించుకునేవాడు. 5వ రౌండ్‌లో ఫైట్ ఆపేశారు. తర్వాత ఆయన మళ్ళీ కూలి పనికే వెళ్ళాడు. 1989లో సముద్రంలో ఆయిల్ రిగ్ మీద నుంచి పడి రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్నాడు. ఆలీ గుద్దులు తట్టుకున్న మనిషిని ఎత్తు మీద పని పడగొట్టింది.

హెవీవెయిట్‌లోనే ముసలివాళ్ళు ఎక్కువ కాలం ఎందుకు ఉంటారంటే దానికో కారణం ఉంది. చిన్న వెయిట్ వాళ్ళు ప్రతి ఫైట్‌కీ ఒళ్ళు తగ్గించుకుని తూకానికి నిలబడాలి. హెవీవెయిట్‌కి పైన హద్దు లేదు. ఇంకోటి, వయసుతో ముందు పోయేది కాళ్ళు, చూపు. చేతి బలం చివర్న పోతుంది. అంటే కొట్టగలడు, కానీ తప్పించుకోలేడు. పాత మేస్త్రి చెయ్యి ఎంత వాటమైనా మోకాలు వంగనట్టే. బయటి నుంచి చూస్తే బాగానే ఉన్నాడనిపిస్తాడు. లోపల దెబ్బలు పోగవుతుంటాయి.

ఇక అసలు విషయం. మనీలాలో 14వ రౌండ్ అయ్యేసరికి ఫ్రేజియర్ కళ్ళు మూసుకుపోయాయి. కొడతానంటాడు, లేస్తానంటాడు. ఆయన కార్నర్‌లో ఉన్న కోచ్ ఎడ్డీ ఫచ్ ఒప్పుకోలేదు. చివరి రౌండ్‌కి పంపకుండా ఆపేశాడు. గెలిస్తే తనకీ పేరు, డబ్బు వచ్చేవే. అయినా ఆపాడు.

ఆలీకి అలాంటి మాట చెప్పినవాడు లేకపోలేదు. డాక్టర్ ఫెర్డీ పచేకో. 1977లో ఎర్నీ షేవర్స్‌తో 15 రౌండ్ల ఫైట్ తర్వాత కిడ్నీ రిపోర్టులు చూసి, ఇక చాలు ఆపెయ్యండన్నాడు. ఎవరూ వినలేదు. ఆయన బయటికి వెళ్ళిపోయాడు. ఫైట్లు మాత్రం ఆగలేదు. 1978 ఫిబ్రవరిలో 8వ ఫైటే ఆడుతున్న లియాన్ స్పింక్స్ చేతిలో ఆలీ ఓడాడు, సెప్టెంబర్‌లో మళ్ళీ గెలిచాడు. అదే ఏడాది బెల్టు రెండు ముక్కలైంది, తర్వాత నాలుగైంది. 1980 మొదట్లో ఆలీ మన మద్రాసు కూడా వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన ఫైట్ ఆడాడు. జనం విరగబడ్డారు. అదే ఏడాది అక్టోబర్ 2న లారీ హోమ్స్ ముందు నిలబెట్టారు. హోమ్స్ ఒకప్పుడు ఆలీకి ప్రాక్టీసులో తోడుగా ఆడిన కుర్రాడే. 38 ఏళ్ళ ఆలీ 10 రౌండ్లు గుద్దులు తిన్నాడు తప్ప తిరిగి కొట్టలేకపోయాడు. అప్పటికి గానీ కార్నర్ ఆపలేదు. అది కూడా చాల్లేదు. 1981 డిసెంబర్‌లో బహామాస్‌లో ఇంకోటి ఆడించారు, అదీ ఓడాడు. 1984లో పార్కిన్సన్స్ అని డాక్టర్లు చెప్పారు. 2016 జూన్ 3న పోయేదాకా ఆ వణుకుతోనే బతికాడు.

బగ్నర్ సంగతి? 1998లో 48 ఏళ్ళ వయసులో, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక బెల్టు కోసం 45 ఏళ్ళ బోన్‌క్రషర్ స్మిత్‌తో ఆడి గెలిచాడు. స్మిత్‌కి భుజం పట్టేసి మొదటి రౌండ్‌కే అయిపోయింది. ఆ బగ్నర్ చివరికి మతిమరుపు జబ్బుతో ఆస్ట్రేలియాలో ఒక కేర్ హోమ్‌లో ఉండి, 2025 సెప్టెంబర్ 1న చనిపోయాడు.

"మరి ఫోర్‌మన్ గెలవలేదా?" అంటారు. గెలిచాడు. 1994 నవంబర్‌లో 45 ఏళ్ళకి, 10వ రౌండ్‌లో ఒక్క గుద్దుకి మైఖేల్ మూరర్‌ని పడగొట్టాడు. కానీ ఆ ఒక్కణ్ణి చూపించే మిగతావాళ్ళందర్నీ రింగులోకి తోస్తారు. ఇక్కడ కొత్తగా పర్మిట్ మీద వచ్చేవాడికి 45 దాటకూడదు. అదే 45కి ఫోర్‌మన్ ప్రపంచ ఛాంపియన్. నవ్వొస్తుంది గానీ ఆలోచించండి.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఒక మాట నేను ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట నా కింద షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయన ఉండేవాడు, మనోడే. 50 దాటింది. బీపీ ఉందని నాకు తెలుసు, మాత్రలు వేసుకోవడం చూశాను. నిచ్చెన దిగేటప్పుడు ఒక చెయ్యి గోడకి ఆనించేవాడు. కానీ ఆయన కట్టినట్టు బీమ్ బాటమ్ కట్టే కుర్రాడు మా సైట్‌లో ఒక్కడూ లేడు. కొత్తవాళ్ళకి నేర్పే తీరిక మాకు లేదు. ఓవర్‌టైమ్ కావాలని ఆయనే అడిగేవాడు, కూతురి పెళ్ళి ఉంది. ఆయన అడిగాడు, నేను ఇచ్చాను, స్లాబ్ టైముకి పడింది, అందరం సంతోషం. ఒక రోజు సాయంత్రం 6 దాటాక నిచ్చెన మీద నుంచి పడ్డాడు. తుంటి విరిగింది. కర్రతో ఊరికి వెళ్ళాడు. ఫోన్ చేస్తే ఇప్పటికీ "నీ తప్పేం లేదు బాబూ" అంటాడు. ఆ మాటే నాకు నిద్ర పట్టనివ్వదు.

ఆయన అడిగాడు కాబట్టి ఇచ్చాననుకోవడం తేలిక. ఫ్రేజియర్ కూడా అడిగాడు. ఎడ్డీ ఫచ్ ఇవ్వలేదు. తేడా అంతే.

తమ్ముళ్ళూ, పెద్ద మేస్త్రి పక్కన రోజూ ఒక గంట నిలబడి పని నేర్చుకోండి. మీరు తయారైతేనే ఆయన కిందికి దిగగలడు. అన్నలూ, కళ్ళు తిరిగితే దాచకండి. నాతోటి సూపర్‌వైజర్లూ, కార్నర్‌లో ఉన్నది మనమే. ఈసారి మెర్డెకా 118 దగ్గర ఫొటో దిగితే, పక్కన ఆ పాత స్టేడియం వైపు కూడా ఒకసారి చూడండి.