తూము పూడిందా, చెరువు తగ్గిందా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు రైతులకి చెరువు తూము సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నీరు సన్నగా వస్తోందంటే తూమైనా పూడాలి, చెరువులో నీళ్ళైనా తగ్గాలి. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

వయసు మీరిన మగవాళ్ళ మూత్రం బాధా ఇంతే. ప్రోస్టేటు గ్రంథి పెరిగి దారి నొక్కుతోందా, మూత్రాశయమే నీరసించిందా?

ఈ చిక్కు పాతది. మూత్రాశయానికీ మలాశయానికీ నడుమ రాయిలాంటి గడ్డ లేచి మూత్రాన్ని ఆపుతుందని సుశ్రుత సంహిత ఏనాడో చెప్పి, దానికి 'వాతాష్ఠీల' అని పేరు పెట్టింది. వేలితో తడిమి చూడ్డం ఇప్పటికీ ఉంది. 1877లో జర్మనీ డాక్టరు నిట్జె సన్నని గొట్టంతో లోపలికి వెలుతురు పంపి చూశాడు. 1948లో అమెరికాలో డ్రేక్ ధార వేగం కొలిచే యంత్రం చేశాడు. సెకనుకి 10 మిల్లీలీటర్లు దాటకపోతే అడ్డుందని అనుమానం. అనుమానమే సుమండీ! ధారతోబాటు లోపలి ఒత్తిడీ కొలిస్తేనే గుట్టు తెలిసేది. ఒత్తిడి హెచ్చి ధార తగ్గితే తూము పూడినట్టు. రెండూ తగ్గితే చెరువుదే లోపం. ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు. ఆపరేషనుకి ముందు సందేహముంటే చేస్తారు. చాలామందికి మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కానింగులో చూస్తే సరిపోతుంది.

అసలు చిక్కల్లా మగవాళ్ళ మొహమాటం. "వయసు మీదపడింది, అంతే" అని దాచేస్తారు. దాచగా దాచగా మూత్రపిండాలే దెబ్బతినొచ్చు. రాత్రి ఎన్నిసార్లు లేచారో ఆయన లెక్కపెట్టరు. పక్కనున్న మనకి తెలుస్తుంది. డాక్టరు దగ్గర ఆ లెక్క మనమే చెప్పాలి.