మెదక్ ఎంపీ శాంతి దౌత్యం

1983 మార్చి 7న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో ఫిడెల్ కాస్ట్రో అలీనోద్యమ అధ్యక్ష బాధ్యతను ఇందిరాగాంధీకి అప్పగించారు. అధ్యక్షుల సుత్తి చేతికిచ్చి ఊరుకోలేదు. నిండు సభలో ఆమెను గట్టిగా కౌగిలించుకున్నారు. ఆమె ఒక్క క్షణం తత్తరపడ్డారు, సభ మాత్రం చప్పట్లతో హోరెత్తింది. ఆ రోజు దాదాపు వంద దేశాలకు పెద్దదిక్కయిన ఆ ప్రధాని లోక్‌సభలో మెదక్ సభ్యురాలు.

1980 జనవరి ఎన్నికల్లో ఆమె రాయ్‌బరేలీ, మెదక్ రెండు చోట్లా గెలిచారు. 1977లో తనను ఓడించిన రాయ్‌బరేలీని వదులుకుని, ఎస్. జైపాల్‌రెడ్డిపై రెండు లక్షల పైచిలుకు మెజారిటీ ఇచ్చిన మెదక్‌ను ఉంచుకున్నారు. అప్పట్లో ఆ జిల్లా కేంద్రం సంగారెడ్డి.

అలీన దేశాల ఆ శిఖరాగ్ర సభ నిజానికి ఢిల్లీలో జరగాల్సింది కాదు. 1982లో బాగ్దాద్‌లో పెట్టాలనుకున్నారు. ఇరాన్, ఇరాక్ యుద్ధం ముదరడంతో అది ఢిల్లీకి మారింది. ఆ యుద్ధాన్ని ఆపించడానికి అలీన దేశాలు అంతకుముందే క్యూబా, భారత్, జాంబియా, పాలస్తీనా విమోచన సంస్థలతో ఒక సంఘాన్ని వేశాయి. అందులో మన వంతు విదేశాంగ మంత్రి పి.వి.నరసింహారావుది. వంగర నుంచి వచ్చిన పీవీ బాగ్దాద్, టెహ్రాన్‌ల మధ్య రాయబారం నడిపారు. రెండు పక్షాలూ మర్యాదగా విన్నాయి, ఎవరూ తగ్గలేదు. 1988 దాకా ఆ యుద్ధం ఆగలేదు. ఈ రాయబారాన్ని విజయాల పద్దులో రాయలేం.

ఇందిర పట్టు వదల్లేదు. 1983 సెప్టెంబరులో న్యూయార్క్ వెళ్లి, ఐక్యరాజ్యసమితి సమావేశాల వేళ పలు దేశాల అధినేతలను ఒకచోట కూర్చోబెట్టారు. 1984 మే 22న స్వీడన్‌కు చెందిన ఒలోఫ్ పామే, టాంజానియా నేత జూలియస్ నైరేరే, గ్రీస్ ప్రధాని పాపాండ్రూ, మెక్సికో, అర్జెంటీనా అధ్యక్షులతో కలిసి ఆరుగురి విజ్ఞప్తి విడుదల చేశారు. అణ్వాయుధాల పరీక్షలు, తయారీ, మోహరింపు ఆపాలని అడిగారు. పోఖ్రాన్‌లో 1974లో అణుపరీక్ష జరిపించిన నాయకురాలే ఈ మాట అనడం చాలామందికి మింగుడుపడలేదు. ఆ విమర్శలో పస లేకపోలేదు.

అంతకన్నా ఇబ్బంది పెట్టిన ప్రశ్న అఫ్ఘానిస్థాన్. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అక్కడ దిగితే, వాషింగ్టన్‌ను సూటిగా తప్పుపట్టే భారత్ మాస్కో దగ్గర గొంతు తగ్గించింది. ఎందుకో తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. సంగారెడ్డి పక్కనున్న ఎద్దుమైలారం చాలు.

ఈ ప్రాంతం ఇందిరకు ఎంపీ కాకముందు నుంచే తెలుసు. 1975 జనవరి 11న పటాన్‌చెరులో ఇక్రిశాట్‌కు శంకుస్థాపన చేసింది ఆమే. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగలపై పరిశోధన చేసే ఆ అంతర్జాతీయ సంస్థకు భూమి కావాల్సివచ్చి మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆఫ్రికా మెట్ట రైతులకు పనికొచ్చే విత్తనం పటాన్‌చెరు నేలలో తయారవడం కూడా దౌత్యమే. కాకపోతే దానికి ఫొటోలు తక్కువ.

ఎద్దుమైలారం కథ వేరు. ఆరుగురి విజ్ఞప్తి వెలువడిన ఆ 1984లోనే అక్కడ ఆయుధ కర్మాగారం మొదలైంది. జనం నోట అది ఓడీఎఫ్. పని, సోవియట్ లైసెన్సుతో బీఎంపీ-2 సాయుధ వాహనాల తయారీ. మన సైన్యం దానికి పెట్టుకున్న పేరు శరత్. దాదాపు 14 టన్నుల బరువు, చక్రాలకు బదులు ఇనుప పట్టాలు, పైన 30 మిల్లీమీటర్ల ఫిరంగి, లోపల ముగ్గురు సిబ్బందికి తోడు ఏడుగురు సైనికులు. వాగు అడ్డొస్తే ఈదుకుంటూ దాటుతుంది. ఇంత బండి డిజైనును చేతికిచ్చే దేశాన్ని ఏ ప్రధాని మాత్రం నలుగురిలో నిలదీస్తారు? ఇందిర శాంతి దౌత్యంలో సూత్రం ఉంది, లెక్కా ఉంది. రెండోదాన్ని దాచిపెట్టి మొదటిదాన్నే పొగిడితే ఆమె తెలివిని తక్కువ చేసినట్టే.

1984 అక్టోబరు 31న ఆమె హత్య జరిగింది. దేశమంతా సానుభూతి గాలి వీచిన ఆ డిసెంబరు ఎన్నికల్లో మెదక్ మాత్రం తెలుగుదేశం అభ్యర్థి పి.మాణిక్‌రెడ్డిని గెలిపించింది. మరుసటి నెలలోనే రాజీవ్‌గాంధీ ఆ ఆరింటిలో మిగతా అయిదు దేశాల నేతలను ఢిల్లీకి పిలిచారు. తల్లి మొదలుపెట్టిన పని 1985 జనవరి 28న ఢిల్లీ ప్రకటనగా వెలువడింది.

ఎద్దుమైలారంలో తయారీ 1987లో పట్టాలెక్కింది. 2000 జులైలో సియెర్రా లియోన్‌లో ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో ఉన్న భారత సైనికులు రెండు వందల మందికి పైగా, కైలాహున్‌లో తిరుగుబాటుదారుల ముట్టడిలో రెండున్నర నెలలుగా చిక్కుకుని ఉన్నారు. వాళ్లను విడిపించిన ఆపరేషన్ ఖుక్రీలో మన సైన్యం అడవి దారుల్లో నడిపించింది బీఎంపీ-2 బళ్లనే.